మచ్చలేని స్కాన్

"మలపరీక్షలో తేలిపోయింది. మీ నాన్నగారి క్లోమం పనిచేయట్లేదు," అన్నారు డాక్టరు.

"స్కాన్ నేనే తీశాను సార్. ఎక్కడా మచ్చ కూడా లేదు," అన్నాను.

"ఇంటి ఫొటో చూసి లోపల పొయ్యి వెలిగిందో లేదో చెప్పగలవామ్మా? స్కాన్‌లో కనిపించేది ఆకారమే. తిన్నది అరిగించే రసం ఊరుతోందా లేదా అన్నది ఈ పరీక్షే చెప్తుంది."

నేను తలెత్తలేకపోయాను. ఏడాదిగా నాన్న కంచం ముందు నుంచి లేచిపోయినప్పుడల్లా, "స్కాన్‌లో ఏం లేదు నాన్నా, ఇక నాటకాలు చాలు," అన్నది నేనే. పదిహేను కిలోలు తగ్గిపోయినా అదే మాట.

డాక్టరు నాన్న వైపు తిరిగారు. "తిన్నాక నొప్పి ఉంటుందా?"

నాన్న, ఉందని చెప్పొచ్చా అన్నట్టు నా వంక చూశాడు.