మూడో గ్లాసు

"ఏ గ్లాసులో ఏ ఏటి సరుకుందో నాకొక్కదానికే తెలుసు. రుచి చూడటం అయ్యేదాకా ఇద్దరూ పోట్లాడుకోకుండా కూర్చోండి," అంది డోరీన్, బల్ల మీద నాలుగు చిన్న గ్లాసులు వరసగా పెడుతూ.

సిరిల్ ఓర్మ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎదురుగా క్లిఫ్ బ్లాడన్. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర చివరిసారి కూర్చుని ముప్ఫై ఎనిమిదేళ్లయింది. బర్టన్ ఊళ్లో డోరీన్ నడిపే ఈ పబ్బుకి ప్రతి శనివారం మధ్యాహ్నం ఇద్దరూ వస్తారు. ఒకరు కిటికీ దగ్గర కూర్చుంటే ఇంకొకరు పొయ్యి దగ్గర కూర్చుంటారు.

"నీ నాలుక ఇంకా పనిచేస్తోందా?" అన్నాడు క్లిఫ్.

"నీ ఊపిరితిత్తుల కన్నా నయమేలే."

"మొదలెట్టారూ!" అని కసిరింది డోరీన్.

పదిహేనేళ్ల వయసులో ఇద్దరూ ఒకే రోజు కొల్విన్ బ్రూవరీలో పనికి చేరారు. ముక్కు చురుకైనది కాబట్టి సిరిల్ రుచి చూసే గదికి వెళ్లాడు. క్లిఫ్ కాపు పని, అంటే బీరు కాచడం, నేర్చుకున్నాడు. ఏటా చలికాలంలో అక్కడ బార్లీవైన్ కాచేవారు. పేరుకే వైన్, అందులో ఒక్క ద్రాక్షపండు ఉండదు. బార్లీ రసాన్ని రోజంతా మరిగించి, చిక్కబరిచి, ఏళ్ల తరబడి నిలవపెట్టే ఘాటైన బీరు అది. కాపు రోజున ఊరంతా కాలిన చక్కెర వాసన వేసేది. ఉతికి ఆరేసిన దుప్పట్లకు కూడా ఆ వాసన పట్టేదని ఆడవాళ్లు తిట్టుకునేవారు.

ఎనభై ఒకటిలో క్లిఫ్ మొదటిసారి సొంతంగా ఒక తొట్టెడు బార్లీవైన్ కాచాడు. సిరిల్ రుచి చూసి, "పులిసింది. పారబోయండి," అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. తొట్టెడు బీరూ కాలవ పాలైంది. క్లిఫ్‌ని కాపు నుంచి తప్పించి పీపాలు దొర్లించే పనిలో వేశారు. పారబోయకముందే అతను ఒక సీసా నింపి, మీద తన పేరు రాసి, డోరీన్ పబ్బు నేలమాళిగలో దాచాడు.

"ఒక్కసారి మళ్లీ రుచి చూడమను," అని ఏటా డోరీన్‌తో కబురు పెట్టేవాడు.

"చెప్పాల్సింది అప్పుడే చెప్పాను," అనేవాడు సిరిల్.

ఇప్పుడు బ్రూవరీ లేదు, ఆ స్థలంలో తివాచీలు అమ్ముతున్నారు. సోమవారం క్లిఫ్ సముద్రపు గాలి కోసం చెల్లెలి ఊరికి వెళ్లిపోతున్నాడు. తిరిగి రాడు. గురువారం నాడు డోరీన్ సిరిల్ గుమ్మంలో నిలబడి, "శనివారం వస్తే సరే. రాకపోతే మళ్లీ నా పబ్బులో అడుగుపెట్టకు," అని చెప్పి వెళ్లింది. క్లిఫ్ సీసాతో పాటు, ఆ రోజుల్లో సిరిల్ బాగుందని ఒప్పుకున్న మూడు వేర్వేరు ఏళ్ల సరుకు కూడా ఆమె దగ్గర ఉంది.

సిరిల్ మొదటి గ్లాసు ఎత్తి వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు.

"ఎండు ఖర్జూరం. తీపి కాస్త ఎక్కువ. ఇరవైకి పద్నాలుగు."

రెండోది. "తడిసిన అట్టపెట్టె వాసన. మూతలోంచి గాలి దూరింది. తొమ్మిది."

క్లిఫ్ మొహం పాలిపోయింది.

మూడోది నోట్లో పోసుకుని సిరిల్ నెమ్మదిగా తిప్పాడు. నారింజ తొక్క, పాత తోలు, చివరికి గొంతులో సన్నగా పొగ. ఇంకా తెల్లవారని ఒక చలికాలపు పొద్దు కళ్లముందుకొచ్చింది. మరిగే రాగి కాగుకి వీపులు ఆనించి ఇద్దరు కుర్రాళ్లు ఒకే చీజ్ బన్ను పంచుకు తింటున్నారు. పెద్ద ముక్క నీకంటే నీకని కొట్టుకుంటున్నారు.

"పంతొమ్మిది," అన్నాడు.

"ఎంతకి?" డోరీన్ అడిగింది.

"ఇరవైకే. నా జన్మలో ఎవరికీ ఇన్ని వేయలేదు."

నాలుగోదానికి పదహారు వేసి గ్లాసు దించాడు. డోరీన్ ఏప్రాన్ జేబులోంచి మడత కాగితం తీసి, విప్పి చూసింది.

"మూడోది క్లిఫ్‌ది."

పొయ్యిలో బొగ్గు చిటపటమంది.

"ఆ రోజు నాకు జలుబు చేసి ఉంటుంది," అన్నాడు సిరిల్. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "లేదు. జలుబూ లేదు, ఏమీ లేదు. తప్పు నాదే, క్లిఫ్. నీ బతుకు పాడుచేశాను."

"ఈ ముక్క అనడానికి ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టిందా?"

"పట్టింది."

"మొండి వెధవా," అన్నాడు క్లిఫ్. కళ్లు తుడుచుకోలేదు. "ఆ గ్లాసు ఇలా ఇవ్వు. నన్నూ చూడనీ."

గ్లాసులో మిగిలింది తాగి కళ్లు మూసుకున్నాడు. "ఇదే. ఇదేరా సిరిల్! ఈ పొగ రుచిని వెయ్యింట్లో ఉన్నా గుర్తుపడతాను."

తర్వాత ఉల్లిపాయ ఊరగాయతో చీజ్ బన్నులు తిన్నారు. పోయినవాళ్లనందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. పొద్దు వాలుతుండగా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికి నడిచారు. నాలుగడుగులు వేశాక సిరిల్‌కి టోపీ గుర్తొచ్చింది. వానలో తడవకుండా క్లిఫ్‌ని చూరు కింద నిలబెట్టి వెనక్కి వచ్చాడు.

డోరీన్ గ్లాసులు కడుగుతోంది. ఆమె వెనక గోడ అరలో సీసాలున్నాయి. సిరిల్ వాటిని చూసి అక్కడే ఆగిపోయాడు. ఏదో అనబోయాడు.

"టోపీ అదిగో, మేకుకి ఉంది," అంది డోరీన్ తల తిప్పకుండా. "క్లిఫ్ చలిలో నిలబడ్డాడు. వెళ్లు."

సిరిల్ టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఇంతసేపా?" అన్నాడు క్లిఫ్.

"కనబడలేదు. అది సరే గానీ, మీ చెల్లెలి ఊరికి ఏ రైలెక్కాలో చెప్పు. వచ్చే శనివారం వస్తాను."

క్లిఫ్ దగ్గుతూనే నవ్వాడు. ఇద్దరూ వానలో నెమ్మదిగా వీధి మలుపు తిరిగారు.

లోపల గోడ అరలో, క్లిఫ్ సీసా మూత తీయకుండానే ఉంది.