సమయమంటే సమయం

హిల్కా సైకిల్ వెనక టైరు మంచుదారి మధ్యలో ఉస్సుమంది.

"ఇవాళే దొరికిందా నీకు?" అని టైరునే తిట్టింది.

మధ్యాహ్నం రెండింటికి ఊరి రోడ్డు సంఘం మీటింగు. చలికాలంలో ఈ సైకిల్ దారి మీద మంచు తీయించాలా, మానెయ్యాలా అన్నది అక్కడ తేలుతుంది. మానేస్తే, కారు లేని హిల్కాలాంటి వాళ్లు వసంతం దాకా ఇంట్లో కూర్చోవాల్సిందే.

పక్కింటివాళ్లు కారెక్కమన్నారు. "సైకిల్ దారి కోసం పోట్లాడటానికి కారులో దిగాలా?" అని మొహం మీదే అనేసింది.

చేతి తొడుగులు తీసి ట్యూబుకు ప్యాచీ అంటించింది. వేళ్లు కొయ్యబారాయి. ప్యాచీ ఊడింది. మళ్లీ అంటించింది. మళ్లీ ఊడింది.

వెనక నుంచి ఇంకో సైకిల్ వచ్చి ఆగింది. దిగినతనికి కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. కనురెప్పల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది.

"ఈ చలికి సొల్యూషన్ పట్టదండీ."

"పట్టేదాకా అంటిస్తా."

"మీటింగుకేనా?"

"అవును. నడిచైనా పోతా, పాకైనా పోతా."

"నడిస్తే అందుకోలేరు. నా సైకిల్ తీసుకెళ్లండి. మీది నేను నడిపించుకుంటూ వస్తాను."

"మరి మీ పని?"

"అక్కడ నాది చిన్న పనేలెండి. మీరంతా మాట్లాడుకోవడం అయ్యేలోపు వచ్చేస్తా."

ఉత్తర ఫిన్లాండ్ మనుషులు దారిలో కలిసినవాళ్ల పేరు అడగరు. హిల్కా కూడా అడగలేదు. సైకిలెక్కి తొక్కింది.

హాలంతా కాఫీ వాసన. అధ్యక్షుడు ఎస్కో గోడ గడియారం చూశాడు. రెండయింది.

"కొత్తగా చేరిన కోర్పెలా ఒక్కడే రాలేదు. కాసేపు చూద్దామా?"

కోర్పెలాను ఎవరూ సరిగా చూడలేదు. సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు కొన్నాడని, వాకిట్లో ఇంతెత్తు కారుందని మాత్రం ఊరికి తెలుసు. అలాంటివాడి చెయ్యి ఎటు లేస్తుందో హిల్కాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎందుకు చూడాలి?" అంది. "టైరులో గాలి పోయిన నేనే వచ్చా. కారున్నాయనకేం రోగం? సమయమంటే సమయం. మొదలుపెట్టు ఎస్కో."

"నీతో పెట్టుకోలేనమ్మా," అని ఎస్కో మొదలుపెట్టాడు.

హిల్కా అందరినీ కడిగేసింది. వాళ్లు కాఫీ కప్పుల్లోకి చూస్తూ విన్నారు. చర్చ అంతటితో సరి. వెంటనే చేతులెత్తించారు.

రెండు వైపులా సరిసమానం. అలాంటప్పుడు అధ్యక్షుడి మాటే చెల్లుతుంది.

"మంచు తీయించడం మానేద్దాం. ఇక ఇదే ఖాయం," అన్నాడు ఎస్కో తలెత్తకుండా.

"మానుకోండి. పార పట్టుకుని నేనే తవ్వుకుంటూ వస్తా. నన్నెవడాపుతాడో చూస్తా."

తలుపు తెరుచుకుంది. కనురెప్పల మీద మంచుతో ఆ మనిషే లోపలికొచ్చాడు.

"మీ సైకిల్ బయట గోడకు ఆనించానండీ."

హిల్కా మొహం విప్పారింది. "ఈయన లేకపోతే నేనిక్కడికి చేరేదాన్నే కాదు. మనిషంటే ఇలా ఉండాలి," అని అందరికీ చూపించి, తనే కాఫీ పోసిచ్చింది.

అతను మఫ్లర్ విప్పుకుంటూ ఎస్కో వైపు తిరిగాడు.

"నేను కోర్పెలానండీ. ఆ దారి మీద మంచు తీయించాలని చెయ్యెత్తుదామని వచ్చాను. ఇంకా ఓట్లు మొదలెట్టలేదు కదా?"