నిన్నటి కచేరీ

వినని పాటను మెచ్చుకుంటే అది అబద్ధం కిందికి వస్తుందా, మర్యాద కిందికి వస్తుందా? దర్జీకి ఈ సందేహం ఏళ్ళ నాటిది. సన్మాన సభల్లో నలుగురితోపాటు చప్పట్లు కొట్టినప్పుడల్లా కాసేపు ఆలోచించి, దేవుడికే వదిలేసేవాడు. ఈ పొద్దున మాత్రం అది గొంతులో వెలక్కాయలా పడింది.

"ఏమండీ, పెద్దాయన వస్తే ఏం చెప్తారు?" కత్తిరింపు బల్ల మీది గుడ్డముక్కలు ఏరుతూ భార్య అడిగింది.

"వచ్చానని చెప్తాను."

"ఇంట్లో కుర్చీలో గురకపెట్టిన మనిషి హాల్లో ఎలా కూర్చున్నాడని అడిగితే?"

"ఆయనెందుకు అడుగుతాడే? నువ్వు అడక్కుండా ఉంటే చాలు."

నిన్న సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కున్నాడు. అప్పుడే కుండపోతగా వాన మొదలైంది. కాస్త తగ్గనీ అనుకుంటూ కుర్చీలో వాలాడు. కళ్ళు తెరిచేసరికి వాన వెలిసింది. కచేరీ వేళ కూడా దాటిపోయింది.

మామూలు కచేరీ అయితే ఇంత బాధ ఉండేది కాదు. పిల్లల ఆస్పత్రి కోసం వయొలిన్ పెద్దాయన ఇంటిల్లిపాదితో కలిసి వాయించే కచేరీ అది. చాలా ఏళ్ళ క్రితం అదే ఆస్పత్రిలో దర్జీ కూతురు జ్వరంతో మూలుగుతుంటే, ఎవరినో చూడ్డానికి వచ్చిన పెద్దాయన ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని వయొలిన్ తీశాడు. పిల్ల నవ్వేదాకా ఆపలేదు. "మీ రుణం ఎలా తీర్చుకోను?" అంటే, "ఎప్పుడైనా నా కచేరీకి రా, చాలు" అన్నాడు. ఆనాటి నుంచి వెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. ఈసారి ఫోన్లో మాటిచ్చాడు. "అయితే మర్నాడు పొద్దున మీ కొట్టుకే వస్తాను, మనవాళ్ళందరినీ పిలువు" అన్నాడు పెద్దాయన సంబరంగా.

రాత్రి వానకు వీధిలో ఫోన్లు ఇంకా మూగగానే ఉన్నాయి. దర్జీకి మిగిలింది ఒక్కటే దారి. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పింది విని, నాలుగు ముక్కలు ఏరుకుని, వాటితో గట్టెక్కడం.

రిటైరైన పోస్టుమాస్టరు ముందుగా వచ్చాడు. వెనకే లెక్కల టీచరమ్మ, పళ్ళ డాక్టరు.

"మాస్టారూ, నిన్న మీరెక్కడా కనిపించలేదే?" అన్నాడు పోస్టుమాస్టరు గొడుగు మూలన పెడుతూ.

దర్జీ కత్తెర అందుకున్నాడు. "స్తంభం చాటున కూర్చున్నానండి."

"అదీ సంగతి! నేనేమో పైన బాల్కనీలో."

"నేను ఆడవాళ్ళ వైపు, బాగా వెనక" అంది టీచరమ్మ.

"నేను తలుపు దగ్గర నిలబడే విన్నాను" అన్నాడు డాక్టరు.

దర్జీ భార్య టీ గ్లాసులు అందిస్తూ మొగుడి వంక ఓరగా చూసింది. అతను చూపు దించుకున్నాడు. అంత వానలోనూ అందరూ వెళ్ళారు. వెళ్ళనిది తనొక్కడే.

"కచేరీ ఎలా ఉందంటారు?" అన్నాడు నెమ్మదిగా.

"ఎలా ఉందని చెప్పను!" పోస్టుమాస్టరు కళ్ళు మూసుకున్నాడు. "ఆ తెల్ల శాలువాలో పెద్దాయన దేవుడిలా ఉన్నాడు."

"నీలం శాలువా కదండీ?" అన్నాడు డాక్టరు.

"ఆఁ, నీలమే. మధ్యలో మార్చుకున్నాడు."

"అవునవును, మార్చుకున్నాడు" అని డాక్టరు వెంటనే ఒప్పుకున్నాడు.

తెలుపు, తర్వాత నీలం. దర్జీ మనసులో ముడివేసుకున్నాడు. బట్టల సంగతి దర్జీ తప్పు చెబితే లోకం నవ్వుతుంది.

"మనవరాలు వాయిస్తుంటే ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశారా అన్నయ్యగారూ?" అంది టీచరమ్మ.

"చూడకపోవడమేంటమ్మా! స్తంభం చాటు నుంచి కూడా కనిపించింది" అన్నాడు దర్జీ. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం అతుకు వేయాల్సి వస్తోంది.

"కొడుకు వేణువు మాటేంటి? నా క్లినిక్‌లో ఆ వేణువు పెడితే మత్తుమందు అక్కర్లేదు" అన్నాడు డాక్టరు. అందరూ గట్టిగా నవ్వారు. దర్జీ ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

"మరి చివర్లో వాయించింది మీకెలా అనిపించింది?" అని పోస్టుమాస్టరు అతని వైపు తిరిగాడు.

దర్జీ టీ గ్లాసులోకి చూశాడు. "దాని గురించి మాటల్లో చెప్పలేమండి."

"సరిగ్గా నా నోట్లో మాట అన్నారు!" అంది టీచరమ్మ.

బయట కారు ఆగింది. పెద్దాయన మెల్లగా దిగాడు. వెనకే కూతురు, కొడుకు, మనవరాలు. ముగ్గురి చేతుల్లోనూ వాయిద్యాల పెట్టెలు.

ఆయన ముఖం చూడగానే దర్జీ ఏరిపెట్టుకున్న ముక్కలన్నీ చెదిరిపోయాయి. జ్వరంతో ఉన్న పిల్ల పక్కన కూర్చున్న ముఖమే అది. ఈ మనిషితో అబద్ధమాడితే ఏ దేవుడి ముందు నిలబడగలను? ఏమైతే అదవుతుంది, నిజం చెప్పేద్దామనుకున్నాడు.

"అయ్యా, నిన్న నేను..."

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "ముందు నన్ను మాట్లాడనివ్వు తమ్ముడూ. ఆ వానలో మీరంతా ఎంత అవస్థపడి వెళ్ళుంటారో తలుచుకుంటే రాత్రంతా కంటిమీద కునుకు లేదు. కూర్చోండి, అందరూ కూర్చోండి. మీ బాకీ ఇక్కడే తీర్చేస్తాం."

మనవరాలు అప్పుడే పెట్టె తెరుస్తోంది.

"మాకు మీరు బాకీ ఏంటయ్యా?" అన్నాడు దర్జీ.

పెద్దాయన నలుగురికీ చేతులు జోడించాడు.

"నిన్న దారిలో చెట్టు కూలి, మేం హాలుకి రానేలేదు కదా."