మిరియం చెవి పూస

గోదారి మధ్య మా లంకలో నీళ్లు మేడ రెండో అంతస్తు ఎక్కిన వరద ఏడాది సంగతి. అప్పటికి జబ్బు చేసిన జంతువులకి ఇంటికే యంత్రం ఎగిరొచ్చి సూది వేసేది. మా నల్లపిల్లి మిరియానికి షుగరు. ఆ వరదలో జ్వరం తగిలి, నీళ్లు తీశాక తగ్గి, అప్పుడప్పుడే తిండి ముడుతోంది. దాని చెవికున్న పూస షుగరు పెరిగితే ఎర్రగా, సరిగా ఉంటే ఆకుపచ్చగా వెలిగేది. యంత్రం వచ్చినప్పుడల్లా ఎరుపే.

“మందు రెట్టింపు చెయ్యాలి తాతా,” అంది యంత్రంలోంచి పశువుల డాక్టరు సువర్చల.

“వద్దమ్మా,” అన్నాను. “ఈ యంత్రం రాకముందు పూస ఆకుపచ్చగానే ఉంటాది. ఈ రొదకి పిల్లి బెదిరి పూస ఎర్రబడతాంది. లేని షుగరుకి అంత మందేస్తే చచ్చిపోద్ది.”

నా భార్య నూకాలు ముక్కు మీద వేలేసుకుంది. “పెళ్లినాడు కూడా ఇన్ని మాటలాడలేదమ్మా ఈయన!”

“మరి నాకు నమ్మకమెలా తాతా?”

“నీ యంత్రాన్ని రేవు కాడ కూకోబెట్టు. మజ్జాన్నం దాకా ఆగు.”

పిల్లిని ఒళ్లో పెట్టుకుని వల బాగుచేస్తూ కూర్చున్నాను. ఉడకేసిన బొమ్మిడాయి చేప ముక్క తిని నిద్రపోయింది. మధ్యాహ్నానికి పూస ఆకుపచ్చగా వెలిగింది. నూకాలు ఫోనులో డాక్టరుకి చూపించింది.

డాక్టరు ఆ పూసని దగ్గరగా చూసింది. తర్వాత నవ్వింది. “నువ్వే గెలిచావు తాతా. పాత మందే చాలు, సూది కూడా నువ్వే వెయ్యి. ఈ లంకలో ఇక ఏ ఇంట్లోకీ యంత్రం రాదు, రేవులోనే దిగుతుంది.”

మర్నాడు పొద్దున్నే రేవులో వెదుళ్లు పాతి, యంత్రం దిగడానికి మంచె కట్టాను. అక్కడ దిగిన యంత్రంలోంచి మందు తెచ్చి సూది వేశాను. మిరియం చేప మీంచి తలైనా ఎత్తలేదు.