సొరుగులోని మాత్రలు

యజమాని సరుకు దింపించుకోవడానికి గేటు దగ్గరికి వెళ్లగానే నాలుక మాస్టారు పిల్లిలా ఆయన గదిలోకి దూరాడు. సొరుగు లాగి, అట్టలోంచి ఒక మాత్ర నొక్కి తీసి, నీళ్లు కూడా లేకుండా మింగేశాడు. ఇది రెండో నెల. 

మాస్టారంటే బడిపంతులు కాదు. ఆ సాస్ ఫ్యాక్టరీలో రోజుకి నలభై చెంచాల మిరపకాయ సాస్ రుచి చూసి, ఇందులో ఘాటు చాల్లేదు, అందులో పులుపు ఎక్కువైంది అని తీర్పు చెప్పడం అతని ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా అక్కడ అతని మాటకి తిరుగు లేదు. అలాంటివాడికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు మొదలయ్యాయి. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడినట్టే. అందుకే డాక్టరు గడప తొక్కలేదు.

యజమాని సొరుగులో ఎసిడిటీ మాత్రలు కనబడిన రోజున మాత్రం లోలోపల నవ్వుకున్నాడు. ఏం తిన్నా అరిగించుకుంటానని మీసం మెలేసే పెద్దమనిషికీ ఇదే రోగమన్నమాట.

మంట తగ్గింది. దాని బదులు తలనొప్పీ, నీళ్ల విరేచనాలూ పట్టుకున్నాయి.

సోమవారం యజమాని పనివాళ్లందరినీ వరసలో నిలబెట్టాడు.

"నా సొరుగులో రోజుకో ఎసిడిటీ మాత్ర మాయమవుతోంది. ఎవరు తీస్తున్నారో మర్యాదగా చెప్పండి."

 అంత చవక మాత్రలకి ఇంత రాద్ధాంతమా, ఎంత పీనాసి అనుకున్నాడు మాస్టారు. యజమాని చూపు ప్యాకింగ్ అక్క మీద ఆగింది. గది తాళంచెవి ఉండేది ఆవిడ దగ్గరే.

"నాకెందుకు సార్ ఆ మాత్రలు? మంచం ఎక్కితే తెల్లారేదాకా లేవను. నాకు మంటేమిటి?"

"రేపట్నుంచి పనిలోకి రాకమ్మా."

అక్క ముక్కు చీదుకుంటూ వెళ్లిపోయింది. మధ్యాహ్నం మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, గుండెల్లో మంట సంగతీ, రెండు నెలలుగా మింగుతున్న మాత్రల సంగతీ, ఇప్పటి తలనొప్పీ విరేచనాల సంగతీ చెప్పాడు.

"ఎవరు రాశారు ఆ మాత్రలు?"

"ఎవరూ రాయలేదండి. దొరికాయి."

డాక్టరు తల పట్టుకున్నాడు. "సొంతంగా వాడితే పద్నాలుగు రోజులు, అంతే. ఆపైన మమ్మల్ని అడక్కుండా వాడకూడదు. మింగుడు పడకపోవడం, ఒళ్లు తగ్గిపోవడం, విరేచనం నల్లగా అవడం, ఇలాంటివేమైనా ఉన్నాయా?"

"లేవండి."

"బతికిపోయారు. ఈ తలనొప్పీ అదీ మాత్రల వల్లే కావచ్చు. రోజుకి ఒక్కటే కదా వేసుకునేది?"

"ఒక్కటేనండి. ఒట్టు."

"రేపు ఆ అట్ట తీసుకురండి. ఎలా మానాలో చూసి చెబుతాను."

మర్నాడు పొద్దున్నే మాస్టారు యజమాని ఎదుట నిలబడి, కాళ్ల మీద పడినంత పని చేశాడు.

"దొంగని నేనేనండి. అక్కని వెనక్కి పిలిపించండి. నన్ను తీసేసినా సరే."

యజమాని తిడతాడనుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"రోజూ మింగావా?"

"రోజుకొకటి. డాక్టరుగారు ఆ అట్ట చూపించమన్నారు. మీకు ఈ మాత్రలు రాసిన డాక్టరెవరో కూడా చెబితే..."

"నాకెవరు రాస్తారయ్యా? నాకు ఏ రోగమూ లేదు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నీ తేన్పులు నాకు వినబడటం లేదనుకున్నావా? డాక్టరుకి చూపించుకోమని చెబితే సెలవు పెట్టి కూర్చుంటావనీ, నీ నాలుక లేకపోతే ఫ్యాక్టరీ మూసుకోవాలనీ భయపడి, రెండు నెలలుగా రోజూ ఆ మాత్రొకటి పొడి చేసి నీ టీలో కలుపుతున్నాను."