గోడలోని గొంతు

"చచ్చినదానిలా కాదమ్మా, చచ్చినా కోపం చల్లారనిదానిలా పాడు," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు.

చిన్నక్క పాడింది. ప్రభువు కోటగోడలో సజీవంగా పూడ్చేసిన పెళ్లికూతురు దెయ్యమై పాడే పాట అది. ప్రభువు వేషం కట్టిన బస్సు కండక్టరు తన మాట మరిచిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాడు.

"నీ మాట చెప్పవయ్యా, ప్రభూ!"

"ఒళ్లు జలదరిస్తుంటే ఏం చెప్పను మాస్టారూ? భయానికి టికెట్ టికెట్ అని వస్తోంది నోట్లోంచి."

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. ఇద్దరూ అక్కచెల్లెళ్లేం కారు. దర్జీ దుకాణంలో పక్కపక్క మిషన్ల మీద కుడతారు. అక్కడి పిలుపులే ఇక్కడా అంటుకున్నాయి. పదేళ్లుగా ఈ నాటక బృందంలో పాటంటే పెద్దక్కదే. ఈసారి దెయ్యం వేషం చిన్నక్కకిచ్చి, పెద్దక్క చేతిలో హాలు తాళంచెవి పెట్టాడు మాస్టారు. మనిషిని పక్కకు నెట్టేటప్పుడు చేతిలో ఏదో ఒక బాధ్యత పెట్టడం పెద్దమనుషులకు అలవాటే.

స్టేజీ మీద కోట సెట్టు కట్టిన వడ్రంగి నిచ్చెన దిగి వచ్చి మంచినీళ్లు అందించాడు. చిన్నక్క మొగుడు.

"ఇవాళ్టికి చాల్లే."

"ఇంకొక్కసారి."

"వారం కూడా ఆగొద్దన్నాడు డాక్టరు. విన్నావా, లేదా?"

"ఆట మూడు వారాల్లోనేగా."

"ఆపరేషనయ్యాక ఆడుకో."

"అప్పుడు దేంతో పాడను? నీ సుత్తితోనా?"

చిన్నక్క గొంతులో గడ్డ. కోస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు పోతుంది. కొయ్యకపోతే రెండూ పోతాయి. డాక్టరు తేల్చి చెప్పేశాడు. చిన్నక్క కూడా తేల్చేసింది. పాతికేళ్లు వంచిన మెడ ఎత్తకుండా ఊరందరి బట్టలూ కుట్టింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నిండు హాల్లో తలెత్తి పాడి, ఆ తర్వాత కత్తి కింద పడుకుంటుంది. తప్పంటే తప్పు. ఆ గొంతు మాత్రం ఆమెది.

"నీకేమన్నా అయితే నేనేమైపోవాలే?"

"కోట కట్టుకుంటూ కూర్చో."

వడ్రంగి మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఐదో రోజు ఉదయం హాలు ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. ఎవరో ఫిర్యాదు రాశారట. కోట నిలవదు, జనం మీద కూలుతుంది, ఆడనివ్వొద్దు అని. సంతకం లేదు.

వడ్రంగి అతని మీదికెళ్లాడు. "నా కోటా? ముప్పయ్యేళ్ల పని నాది! ఏనుగునెక్కించినా కదలదు!"

ఇంజనీరు అరచేత్తో నెట్టాడు. కోట ఊగింది. వెనక్కి వెళ్లి చూస్తే నాలుగు బోల్టులు వదులుచేసి ఉన్నాయి.

హాలుకు తాళం పడింది. మాస్టారు బడినడిగాడు, కార్మిక సంఘాన్నడిగాడు. కూలిపోయే కోటకు చోటిచ్చేదెవరు? ఆఫీసులో కాగితం చాలు, పాటను కూడా సమాధి చేస్తుంది.

"హాలు తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్నాడు కండక్టరు.

అంతే. అందరి చూపులూ పెద్దక్క మీదికి తిరిగాయి. ఆమె ఒట్టేసింది, ఏడ్చింది, తిట్టింది. ఎవరూ నమ్మలేదు.

"పోనిద్దురూ. జరిగిందేదో జరిగింది," అన్నాడు వడ్రంగి ఒక్కడే. ఎంత మంచివాడో అనుకున్నారు.

చిన్నక్క మూడు రోజులు తలుపేసుకుంది. నాలుగో రోజు ఆస్పత్రికి సంచి తనే సర్దుకుంది.

ఆపరేషనైన పదో రోజు బృందం చూడ్డానికి వచ్చింది. మెడకు కట్టు, ఒళ్లో పలక. "గడ్డ మొత్తం తీసేశారు. ఇంక భయం లేదన్నారు," అన్నాడు వడ్రంగి. మంచం పక్కన అతను సగమైపోయి ఉన్నాడు.

పెద్దక్క గుమ్మం దగ్గరే ఆగింది. మాస్టారే రమ్మన్నాడు. జేబులోంచి కాగితం తీశాడు.

"ఆఫీసులో నానా తంటాలూ పడి సంపాదించాను. ఇదీ ఆ ఫిర్యాదు. రాత మార్చి, వంకర టింకరగా రాశారు. మాకు అంతుపట్టలేదు. నువ్వూ పెద్దక్కా ఒకే కొలతల పుస్తకంలో పదేళ్లు రాశారు. ఎంత మార్చినా నువ్వు పోల్చగలవు. చూడు."

"ఇప్పుడెందుకు మాస్టారూ, దాన్ని విసిగించకండి," అన్నాడు వడ్రంగి.

"చూడనివ్వండన్నయ్యా," అంది పెద్దక్క. "నాకూ అదే కావాలి. ఈ నిందతో దుకాణంలో తలెత్తలేకపోతున్నాను. యజమాని రేపట్నుంచి రావొద్దంటున్నాడు. చూడవే చిన్నా. చూసి చెప్పు."

చిన్నక్క కాగితం తీసుకుంది. మొదటి వరుస చదివింది. ఇక చదవాల్సిన పని లేకపోయింది. అయినా చివరిదాకా చదివింది. మళ్లీ మొదటికొచ్చింది. గొంతులో ఏదో గుర్రుమంది, మాట కాలేదు.

"పెద్దక్క రాతేనా?" అన్నాడు మాస్టారు.

చిన్నక్క పలక మీద బలపం ఆనించింది. తర్వాత బలపం పక్కన పెట్టేసి, తల ఊపింది. అవునని.

"ఏమే... నేనా?" అంది పెద్దక్క.

చిన్నక్క గోడవైపు తిరిగింది. పెద్దక్క మెట్లు దిగుతున్న చప్పుడు ఆఖరి మెట్టుదాకా వినిపించింది.

"నేను ముందే చెప్పలా!" అన్నాడు కండక్టరు.

ఆ ఫిర్యాదులోది చిన్నక్క మొగుడి చేతిరాత.