పేరు చెప్పి అడగరాదు

జేసీబీ బకెట్ రాయికి జానెడు దూరంలో ఆగింది. డెబ్భై దాటిన ఎర్రయ్య, భుజాన గొంగడి, చేతిలో కర్రతో వచ్చి రాయికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వెనకాల మూడు వందల గొర్రెలు దారి నిండా నిలిచి ఒకటే అరుపు.

"తప్పుకో మామా, మీద పడుతుంది" అన్నాడు ఆంజనేయులు.

"పడనీ."

ఆంజనేయులుకు ఒళ్లు మండింది. చేను తనది. పెట్టబోయే బత్తాయి మొక్కలు తనవి. అర్ధవీడులో బండి దొరక్క గిద్దలూరు నుంచి తెప్పించాడు. చేను నడిమధ్య మాత్రం నడుమెత్తు పలకరాయి ఒకటి, ఊరి గొర్రెలోళ్లది. అడవికి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి దాని మీద దోసెడు నీళ్లు పోసి, మొక్కి, మందను చేలో అడ్డంగా తోలుకుపోతారు. ఎన్నేళ్లని ఊరుకుంటాడు?

"ఇది మా అవ్వ సుబ్బరత్నమ్మ తట్ట నెత్తిన పెట్టుకొని రాళ్లేరిన చేను మామా. ఆమె అన్ని రాళ్లేరితే మీరొచ్చి ఒకటి నాటిపోయినారు. అవ్వ మీద ఒట్టు, ఈ పొద్దు దీన్ని పెరికి గట్టున పారేస్తా. సురేషూ, కానియ్యి!"

ఎర్రయ్య తల దించుకున్నాడు. ఆయన కొడుకు శివకృష్ణ మాత్రం కర్ర ఎత్తి ఒక్క దూకు దూకాడు.

"బకెట్ కదిలిందంటే బండికి అద్దముండదు సురేషన్నా!"

"కొట్రా! కొట్టి చూడు! నీ కర్రా, నా పారా, తేలిపోతుంది" అని ఆంజనేయులు పార అందుకున్నాడు. డ్రైవర్ సురేష్ ఇంజన్ ఆపేసి చిన్నగా బండి దిగి అవతలికి పోయాడు.

అప్పుడే గట్టు మీద స్కూటీ పడేసి ఆంజనేయులు కూతురు వెన్నెల పరుగెత్తుకుంటూ వచ్చింది. మార్కాపురంలో డిగ్రీ చదువుతోంది.

"ఆపు నాయనా! పార కింద పెట్టు!"

"నువ్వెందుకొచ్చినావు? పో ఇంటికి."

"రాయి తియ్యొద్దు."

ఆంజనేయులు నోరు తెరిచాడు. "ఓసి నీ! పోయినేడు ఇదే చేన్లో నిలబడి నువ్వే కదా అన్నింది? రాయికి నీళ్లు పోసేదేంది నాయనా, మూఢనమ్మకం, తీసి పారెయ్ అని!"

"అన్నా. అప్పుడు నాకు రాయే కనపడింది. మనుషులు కనపడలేదు."

"ఇప్పుడేం, కండ్లద్దాలు మార్చినావా?"

"సోషియాలజీ తీసుకున్నా కదా. మా మేడం ఒకటే చెప్తాది. ఎదుటోళ్ల ఆచారాన్ని తప్పనే ముందర, అది ఎవురు పెట్టినారు, ఎప్పుడు, ఎందుకు అని వాళ్లనే అడగమని. ఇన్నేండ్లుగా పక్క పక్కనే ఉండాము. మనింట్లో ఒక్కరన్నా అడిగినామా నాయనా?"

"ఆ చదువుకు ఉద్యోగమొస్తుందో రాదో గానీ నోరు మాత్రం బాగా వచ్చింది!" అన్నాడు ఆంజనేయులు. అని, పార నేలకు గుచ్చాడు. "సరే. అడుగు. ఈ రాయి ఏ దేవతో, ఆ తల్లి పేరేందో మీ తాతను చెప్పమను. చెప్పినాడా, బండి వెనక్కి పంపిస్తా. చెప్పలేదా, మళ్లీ నా చేన్లో మంద కాలు పెట్టకూడదు."

వెన్నెల ఎర్రయ్య దగ్గరికి వెళ్లింది. "తాతా, ఎవరీమె?"

"దేవత కాదు పాపా. మనిషే" అన్నాడు ఎర్రయ్య. "పెద్ద కరువులో మంద చచ్చిపోతాంటే, తన ఎద్దులకు దాచుకున్న నీళ్లు మా గొర్రెలకు తాపింది. ఆ యమ్మ పోయినాక మా తాత ఈ రాయి నిలబెట్టినాడు."

"పేరు?"

ఎర్రయ్య చూపు రాయి మీదికి పోయింది.

"చెప్పు తాతా. ఒక్క పేరు. నాయన మాటిచ్చినాడు కదా."

"నాయనా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" శివకృష్ణ తండ్రి వైపు తిరిగాడు.

"నోరు ముయ్‌రా!" ఎర్రయ్య కర్ర నేలకేసి కొట్టాడు. ముందున్న గొర్రెలు ఉలిక్కిపడి వెనక్కి తగ్గాయి. తర్వాత వెన్నెల వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నీళ్లు తాపిన తల్లి పేరు చెప్పి ఎవర్నీ ఏమీ అడగరాదు పాపా. దారి గూడా అడగరాదు. అడిగితే ఆ యమ్మ తాపిన నీళ్లు అమ్ముకున్నట్టే. మా కట్టుబాటు అది."

"చూసినావామ్మా మీ సోషియాలజీ?" ఆంజనేయులు నవ్వాడు. "పేరుంటే కదా చెప్పేదానికి! సురేషూ, ఎక్కు బండి!"

వెన్నెల కళ్లలో నీళ్లు తిరిగాయి. శివకృష్ణ కర్ర విసిరికొట్టి మొహం తిప్పుకున్నాడు.

ఎర్రయ్య మాత్రం గొంగడి తీసి రాయి పక్కన పరిచాడు.

"ఇనుము తగలనియ్యొద్దు అల్లుడా. మేమే లేపుకొని తీసుకుపోతాం. లేపేటప్పుడు పేరు పెట్టి పిలవాల. నువ్వు రవ్వంత అవతలికి పో."

"నా చేన్లో నన్ను పొమ్మంటావా? ఇక్కడే ఉంటా, కానియ్యి."

ఎర్రయ్య కర్ర పక్కన పెట్టాడు. సీసాలో నీళ్లు దోసిట్లోకి ఒంపుకొని రాయి మీద పోశాడు. వంగి, నిద్రపోతున్న మనిషిని లేపినట్టు రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు.

"సుబ్బరత్నమ్మ తల్లీ, లెయ్యమ్మా. నీ మనవడు చేను బాగు చేసుకుంటాడంట. మనం పోదాం పా."